కాయకమునకు మేర - అమ్మకపు ఉద్యోగమున డస్సిన యువకులకు శరణుల బోధ

నులియ చందయ్య శరణుడు చెరువున గడ్డి కోసి, పురి పేని, త్రాళ్ళు చేసి అమ్మెడివాడు. వచ్చిన దానితో జంగమ దాసోహము జరిపెడివాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఆయన మెడలోని ఇష్టలింగము జారి నీటిలో పడెను. చందయ్య దానిని తీయక తన పనిలో తాను సాగిపోయెను. లింగమే ఆయన వెంటబడి తన్ను స్వీకరింపుమని వేడగా, తన కాయకములో పాలు పంచుకొన్నచో సరేయని చందయ్య ఒప్పుకొనెను. అంతట లింగము త్రాడు పట్టుకొని అమ్మకమునకు బయలుదేరెను. బసవేశ్వరుడు ఆ త్రాటికి విలువను మించిన ధనమిచ్చి కొనెను. అంత ధనముతో లింగము తిరిగి వచ్చినప్పుడు చందయ్య సంతోషింపలేదు సరికదా, త్రాటికి తగిన వెల మాత్రమే తనకు చెందునని, మిగిలినది తిరిగి ఇచ్చి రావలసినదని పలికెను.

శరణ సంప్రదాయము చెప్పు ఈ కథ లింగాయత కుటుంబములలో చాలమందికి తెలిసినదే. అయితే ఇందులో ఒక విశేషమును తరచుగా గమనింపరు. ఇది అమ్మకపు కథ. సరకు చేతబట్టి గడప గడపకు పోవు పని ఇందులో దైవమునకే అప్పగింపబడినది. ఎంత ఎక్కువ రాబట్టితివి అన్నది అక్కడ ప్రశ్న కాలేదు, న్యాయముగా ఎంత వచ్చెనన్నదే ప్రశ్న అయినది. ఈనాడు అమ్మకపు ఉద్యోగములలో చేరి, ఏడాది తిరుగకుండనే డస్సిపోవుచున్న యువకులకు ఈ కథ యందు గొప్ప ఊరట కలదు. వారి ఇంటి పెద్దలకు ఒక హెచ్చరికయు కలదు.

ఆత్మకూరు నుండి ఉదయగిరి దాక

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతమున పెద్ద కర్మాగారములు లేవు. డిగ్రీ ముగించిన యువకునకు ఊరికి దగ్గరగా సులభముగా దొరకు ఉద్యోగములలో ఒకటి ఏజెన్సీలో లైను సేల్స్‌మన్ పని. ఆత్మకూరు ఈ ప్రాంతమునకు వ్యాపార కేంద్రము. సబ్బులు, బిస్కట్లు, టీపొడి, నూనెలు మొదలైన సరకుల ఏజెన్సీలకు చెందిన లైనులు ఒకనాడు మర్రిపాడు వైపు, ఒకనాడు అనంతసాగరము వైపు, ఒకనాడు చేజర్ల వైపు సాగుచుండును. ఉదయగిరి లైను పడిన దినమున మోటారుసైకిలుపై రానుపోను సుమారు నూరు కిలోమీటర్ల ప్రయాణము. వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన ఎండ, కొండల మీది వేడిగాలి తోడగును.

పని ఏమన, ప్రతి అంగడి యొద్ద ఆగి, ఉన్న సరకు చూచి, కావలసినది అడిగి, ఫోనులో ఆర్డరు ఎక్కింపవలెను. పాత బిల్లు వసూలు చేయవలెను. చెడిపోయిన సరకు వాపసు తీసికొనలేదని అంగడివాడు కోపించినచో వినవలెను. సాయంకాలము ఏజెన్సీకి వచ్చి లెక్క అప్పగింపవలెను. రాత్రి భోజనమునకు కూర్చున్న తరువాత కూడ పై అధికారి సందేశములు ఫోనులో వచ్చుచునే యుండును: ఈనాడు ఎంత, రేపు ఎంత, నెలకు ఇంకెంత మిగిలినది?

దీనిని లెక్కలో పెట్టి చూచినచో విషయము తేటపడును. ఉదాహరణకు ఒక యువకునకు దినమునకు 40 అంగళ్ళు అప్పగింపబడినవనుకొందురు గాక. ఉదయము 10 గంటల నుండి సాయంకాలము 5 గంటల వరకు 420 నిమిషములు. ప్రయాణము, భోజనము కలుపుకొని ఒక్కొక్క అంగడికి పది నిమిషములకు కొంచెము మించి దక్కును. నెలకు 25 పని దినములు, 5 లక్షల రూపాయల టార్గెట్టు అయినచో దినమునకు 20,000 రూపాయలు, అంగడికి 500 రూపాయలు అమ్మవలెను. సగము అంగళ్ళు ఆనాడు ఏమియు వద్దన్నచో మిగిలిన సగము అంగళ్ళలో 1,000 రూపాయల చొప్పున అమ్మవలెను. ఇంత లెక్క ఇంటిలో ఎవ్వరును వేసి చూడరు. “పక్కింటి పిల్లవాడు సంపాదించుచున్నాడు, నీకేమి వచ్చినదిరా?” అని మాత్రము అడుగుదురు.

ఇంకొక కష్టము కలదు. మెట్ట పల్లెలలో చేతిలో డబ్బు అన్ని నెలలు ఒకే తీరున ఆడదు. కలిగిరి, డి.సి.పల్లి కేంద్రములలో పొగాకు వేలములు సాగునప్పుడు ఒక తీరు, పంట లేని నెలలలో మరియొక తీరు. పల్లె అంగడివాడు ఊరివారికి అరువిచ్చి, వారు తీర్చినప్పుడు ఏజెన్సీకి తీర్చును. వాన వెనుకబడినచో బాకీ వెనుకబడును. టార్గెట్టు నిర్ణయించు దూరపు కార్యాలయమునకు ఈ ఋతుధర్మము కానరాదు. కొండమీది కరవు లెక్క అంతయు ఆ యువకుని నెత్తిన పడును.

అలసట వేరు, డస్సిపోవుట వేరు

కష్టపడినవానికి అలసట సహజము. కంటినిండ నిద్రపోయి, ఒకనాడు విశ్రాంతి తీసికొన్నచో అది తీరును. డస్సిపోవుట అట్టిది కాదు. ఆదివారమంతయు పరుండినను సోమవారము ఉదయము బండి తాళము చేతబట్టగానే గుండె బరువెక్కును. ప్రమిదలో నూనె అడుగంటిన తరువాత వత్తియే మాడిపోవునట్లు, లోపలి శక్తి అడుగంటిన తరువాత మనిషి తన్ను తానే కాల్చుకొనుచుండును.

అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1974లో ఈ స్థితిని గూర్చి వ్రాసి, బర్నౌట్ అను పేరును శాస్త్ర చర్చలోనికి తెచ్చెను. ఆయన చూచినది సేవాసంస్థలలో ఉత్సాహముతో చేరి కృశించిపోయిన కార్యకర్తలను. అనగా సోమరులకు కాదు, శ్రద్ధగలవారికే ఈ స్థితి ఎక్కువగా ఎదురగునని మొదటినుండియు గమనింపబడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వ్యాధిగా గాక, ఉద్యోగ సంబంధమైన స్థితిగా వర్ణించెను. దానికి మూడు లక్షణములు చెప్పబడినవి. శక్తి ఉడిగిపోవుట మొదటిది. పనిమీద విముఖత కలిగి, దానిని ద్వేషభావముతో చూచుట రెండవది. తనవలన ఏమియు కాదను భావము మూడవది.

ఈ మూడును లైను పనిలో ఎట్లు కనబడునో పెద్దలు గుర్తింపవలెను. అన్నము సయింపకపోవుట, తలనొప్పి, నిద్రపట్టకపోవుట మొదటిదానికి గుర్తులు. “అంగడివాళ్ళందరును ఇంతే, కంపెనీ ఇంతే, లోకమే ఇంతే” అని పెడసరముగా మాటలాడుట రెండవదానికి గుర్తు. అంగడి ముందర బండి ఆపి, లోనికి పోలేక పది నిమిషములు చెట్టుక్రింద నిలిచిపోవుట మూడవదానికి గుర్తు. అట్టివానిని సోమరి యనుట పుండుమీద కారము చల్లుటయే.

కారణము ఎక్కడ నున్నది?

ఈ విషయమున ఎక్కువగా కృషి చేసిన క్రిస్టినా మాస్లాక్ అను ఆచార్యురాలు, ఆమె సహచరుడు మైకేల్ లైటర్ ఈ స్థితికి ఆరు తావులు చూపిరి: మోయలేని పని, తన పనిపై తనకు అధికారము లేకపోవుట, తగిన ప్రతిఫలము లేకపోవుట, తోటివారి తోడు లేకపోవుట, న్యాయము లోపించుట, తన విలువలకు పని విరుద్ధముగా నుండుట. వీనిలో బలహీనమైన మనస్సు అను మాట లేదు. లోపము మనిషికిని పనికిని నడుమనున్న పొత్తులో వెదకవలెనని వారి భావము.

లైను పనియందు ఈ ఆరింటిలో చాల భాగము కనబడవచ్చును. నూటికి నూరు అమ్మినవానికి ఇన్సెంటివు వచ్చి, తొంబదియెనిమిది దగ్గర ఆగినవానికి ఏమియు రాని ఏర్పాటున్నచోట న్యాయము కుంటుపడును. దినమంతయు ఒంటరిగా తిరుగువానికి తోటివారు ఉండరు. అన్నింటికంటె లోతైన గాయము ఆరవది. నెలాఖరున టార్గెట్టు నిండనప్పుడు అంగడివానికి అక్కరలేని సరకు బలవంతముగా దించుట, అడుగని సరకునకు అతని పేర బిల్లు వేసి వేరొకచోట తక్కువ ధరకు అమ్ముట, ఆ నష్టమును తన జీతమునుండియో అప్పునుండియో పూడ్చుట అను మార్గములు కొందరికి ఎదురగును. మొదటి నెల అది వేయి రూపాయలు. ఆరవ నెలకు అది ఇంటికి చెప్పుకొనలేని బాకీ. పగలు అబద్ధమాడి, రాత్రి ఇష్టలింగమును అరచేత బట్టిన యువకుని మనస్సు రెండుగా చీలిపోవును. ఆ చీలికయే సగము నిస్సత్తువకు మూలము.

ఇచ్చట ఉదయగిరి చెక్క పనివారిని తలచుకొనుట యుక్తము. ఉదయగిరి చెక్క గరిటెలకు, చెంచాలకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. దుర్గము కొండల కలపతో ఆ పని చేయువారు ఎక్కువగా ముస్లిం కుటుంబములవారు. స్త్రీలును ఆ పనిలో నిపుణులు. వారి శ్రమ తక్కువది కాదు, రాబడి ఎక్కువదియు కాదు. అయినను చెంచా నున్నబడి చేతిలో మెరసినప్పుడు ఆ పని ముగిసినది. కంటికి కనబడు ముగింపు వారికి కలదు. అమ్మకపు పనికి అట్టి ముగింపు లేదు. ముప్పదియవ తేదీన టార్గెట్టు నిండినను, ఒకటవ తేదీన లెక్క మరల సున్న నుండి మొదలగును. కావున అమ్మకపు పని చేయువాడు తన పనికి తానే ఒక మేర గీసికొనవలసి యున్నది.

లక్కమ్మ చెప్పిన మేర

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు కళ్యాణ నగరమున నేలరాలిన బియ్యము ఏరి, దానితో దాసోహము చేసెడివారు. ఏరిన బియ్యము అనియే వారి పేరులోని మాటకు అర్థము. ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో మునిగి కాయకమును మరచిపోగా, లక్కమ్మ కాయకవేళ దాటుచున్నదని ఆయనకు జ్ఞప్తి చేసెను. మరియొకనాడు మారయ్య మామూలు కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇది మన అక్కరకు మించినది, ఆశకు లోబడి తెచ్చినది, తిరిగి అక్కడనే పోసి రమ్మని భర్తను పంపెను.

ఈ రెండు ఘట్టములను విడదీసి చెప్పుట మన ఇండ్లలో వాడుకయైనది. మొదటి ఘట్టమును పెద్దలు పిల్లలకు తరచుగా చెప్పుదురు: పని మానరాదు, పనియే కైలాసముతో సమానము. రెండవ ఘట్టమును అంతగా చెప్పరు. కాని లక్కమ్మ ఒక్కతెయే, ఆమె ధర్మమును ఒక్కటియే. పని ఎగవేయుట ఎంత దోషమో, మేర మీరుటయు అంత దోషమని ఆమె బోధ. డస్సిపోయిన కుమారునితో “కాయకమే కదా, ఓర్చుకొనుము” అని మాత్రము చెప్పువారు లక్కమ్మ మాటలో సగము దాచిపెట్టినవారగుదురు.

కాయకమని పిలువబడుటకు ఏ పనికైనను కొన్ని గుణములు ఉండవలెను. అది సత్యముగా నుండవలెను. ఇతరులకు ఉపయోగపడవలెను. చేయువానిని గాని, ఎదుటివానిని గాని హింసింపరాదు. దాని ఫలము కుటుంబమునకును, దాసోహమునకును చేరవలెను. పంచాచారములలో సదాచారము చెప్పునది ఇట్టి నిజాయితీగల జీవనమునే. సబ్బు అమ్ముట, టీపొడి అమ్ముట తక్కువ పనులు కావు. ఉదయగిరి కొండ క్రింది పల్లెలో ముసలమ్మకు కావలసిన వస్తువు ఆమె వీథి అంగడిలో దొరకుటకు ఆ లైను యువకుడే కారణము. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడిపెను, మేదర కేతయ్య బుట్టలల్లెను. వారి వరుసలో ఈ పనికిని స్థానము కలదు. అయితే శరణులు దేహమునే దేవాలయముగా భావించిరి. ఆ దేవాలయమును పడగొట్టి చేయు పని కాయకమనిపించుకొనదు.

ఆచరణకు ఆరు సూత్రములు

1. రెండు లెక్కలు వేరుగా వ్రాయవలెను. తన చేతిలో నున్నది ఒక లెక్క, తన చేతిలో లేనిది మరియొక లెక్క. ఎన్ని అంగళ్ళకు పోయినది, ఎంత మర్యాదగా మాటలాడినది, బిల్లు సరిగా వ్రాసినదా అనునవి తన చేతిలోనివి. అంగడివాడు కొనెనా, ఊరిలో పంట పండెనా అనునవి తన చేతిలో లేనివి. రాత్రి తన్ను తాను తూచుకొనుటకు మొదటి లెక్కనే వాడవలెను.

2. చిన్న పుస్తకమున కారణములు గుర్తింపవలెను. వద్దన్న ప్రతి అంగడి ఎదుట ఒక్క మాట చాలును: సరకు ఉన్నది, ధర ఎక్కువ, పాత బాకీ, యజమాని లేడు, చెడిన సరకు వాపసు కాలేదు. నాలుగు వారములలో ఆ పుస్తకము నిజము చెప్పును. పదునాలుగు అంగళ్ళు చెడిన సరకు తగవువలన కొనుట లేదని తేలినచో, అది సేల్స్‌మన్ లోపము కాదు. ఆ పుస్తకమును పై అధికారికి చూపి, “సార్, ఈ పదునాలుగు అంగళ్ళ వాపసు తీర్చినచో నేను వీరికి మరల అమ్మగలను” అని అడుగవచ్చును. ఊరక కష్టముగా నున్నదని చెప్పినచో విననివారు కూడ లెక్క చూపినచో విందురు.

3. దినమునకు ఒక ముగింపు ఏర్పరచుకొనవలెను. లెక్క అప్పగించి, కాళ్ళు చేతులు కడుగుకొని, విభూతి ధరించి, లింగపూజకు కూర్చున్న తరువాత ఆనాటి పని ముగిసినట్లే. పూజావేళ ఫోను వేరొక గదిలో నుండవలెను. టార్గెట్టు నిండవలెనని మ్రొక్కుకొనుటకు గాక, టార్గెట్టు లేని ఒక్క అరగంట కొరకే ఆ పూజను నిలుపుకొనవలెను.

4. దేహధర్మమును మరువరాదు. వేసవిలో పల్లె అంగళ్ళు మధ్యాహ్నము ఎట్లును మూతబడుచుండును. ఆ వేళ నీడను కూర్చుండి అన్నము తినుటవలన అమ్మకము తగ్గదు. దూరపు లైను తెల్లవారగనే మొదలిడి, దగ్గరి అంగళ్ళను సాయంకాలమునకు ఉంచుకొనుట మేలు. నిద్రలేని కన్నులతో రాత్రివేళ కొండదారిలో బండి నడుపుట ప్రాణముతో చెలగాటము.

5. అబద్ధపు బిల్లు ఒక్కటియు వేయరాదు. వేసియున్నచో ఈ నెలలోనే ఇంటిలో చెప్పవలెను. వేయి రూపాయల నాడు చెప్పుకొన్న తప్పును తండ్రి తీర్చగలడు. దానిని దాచి లక్షకు పెంచినచో ఎవ్వరును తీర్చలేరు. టార్గెట్టు నిండని నెల అవమానము కాదు. ఉదయగిరి దుర్గమును పట్టుటకు 1513లో మొదలిడిన శ్రీకృష్ణదేవరాయలకే ఏడాదికి పైగా ముట్టడి అవసరమైనది. 1514లో గాని కోట లొంగలేదు. రాయలకు దొరకిన వ్యవధి నెలకూలి యువకునకు దొరకదన్నది నిజమే. కాని ఒక నెల ఓటమి జీవితపు ఓటమి కాదని గ్రహించుటకు ఆ కొండ చాలును.

6. తన హక్కులను తెలిసికొనవలెను. ఆంధ్రప్రదేశ్ దుకాణములు, సంస్థల చట్టము 1988 ప్రకారము ఉద్యోగికి వారమునకు ఒక పూర్తి దినము సెలవు కలదు. మందుల ప్రతినిధులు మొదలైన సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల కొరకు పార్లమెంటు 1976లోనే ప్రత్యేక చట్టము చేసి సెలవులను నిర్ణయించెను. ఆ విషయము 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతిలో చేరినది. 2025 నవంబరు 21న ఆ స్మృతి అమలులోనికి వచ్చినది. నియామక పత్రము, జీతపు చీటి అడిగి తీసికొనుట అవిధేయత కాదు.

బట్టల దుకాణములలో అమ్మకపు పనికి పోవు ఆడపిల్లల సంగతియు ఇంటివారు తలపవలెను. దినమంతయు నిలుచుండుటయే వారి మొదటి బాధ. కేరళ రాష్ట్రము 2018లోను, తమిళనాడు 2021లోను అట్టి ఉద్యోగులకు కూర్చుండుటకు వసతి కల్పింపవలెనని చట్టములు సవరించినవి. చట్టము చెప్పువరకు ఆగక, మన సమాజమున దుకాణములు గల లింగబలిజ యజమానులు తమ అంగడిలో ఒక ముక్కాలిపీట వేయించినచో అదియు దాసోహమే యగును.

ఇంటివారి కర్తవ్యము

సాయంకాలము ఇల్లు చేరిన కుమారుని “ఎంత అమ్మితివి?” అని అడుగుట అధికారి పని. “అన్నము తింటివా నాయనా?” అని అడుగుట తల్లి పని. ఇంటిలో అధికారులు పెరిగి తల్లులు తరిగినచో పిల్లవాడు ఎక్కడ తల దాచుకొనును? తండ్రి వారమునకు ఒక్కసారి జీతము మాట యెత్తక అతనితో కూర్చుండవలెను. అప్పులున్నచో వాని మొత్తమును ఇంటిల్లిపాదియు తెలిసికొని పంచుకొనవలెను. ఇంటి అప్పంతయు ఒక్కని ఇన్సెంటివు మీద వ్రేలాడదీయరాదు. చెల్లెలి పెండ్లి ఖర్చును అతని టార్గెట్టుతో ముడివేయుట అట్టిదే.

కొన్ని గుర్తులు కనబడినప్పుడు ఓదార్పు మాత్రమే చాలదు. వారముల తరబడి నిద్ర లేకపోవుట, ఎవరితోను మాటలాడక ముడుచుకొనిపోవుట, మత్తుపదార్థములకు మరలుట, బ్రతికి ఏమి లాభమని పలుకుట వంటివి ఆ గుర్తులు. అప్పుడు వైద్యుని దర్శింపవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. రాత్రింబవళ్ళు ఉచితముగా, తెలుగులో కూడ మాటలాడు సౌకర్యము కలదు. జ్వరమునకు వైద్యుని యొద్దకు పోవువారు మనస్సు జ్వరమునకు పోవుటకు సిగ్గుపడనక్కరలేదు. చావు మాట నోటివెంట వచ్చినవానిని ఆ రాత్రి ఒంటరిగా విడువరాదు.

మఠముల కర్తవ్యము

కళ్యాణమున అనుభవ మంటపము పండితులకు మాత్రమే చెందినది కాదు. చాకలి, పడవవాడు, బుట్టలల్లువాడు, త్రాడు పేనువాడు అందరును తమ తమ పనిలో కలిగిన అనుభవమును అచ్చట విప్పి చెప్పిరి. ఆ పేరులోని అనుభవమను మాట ఊరక చేరలేదు. నేటి మఠములు నెలకు ఒక సాయంకాలము ఉద్యోగపు యువకుల కొరకు కేటాయించినచో ఆ సంప్రదాయము నిలిచిన దగును. ఉపన్యాసము పావుగంట చాలును. మిగిలిన వేళ యువకులే మాటలాడవలెను. ఒంటరిగా బండిపై తిరుగువానికి తనవంటివారు పదిమంది ఉన్నారని తెలియుటయే సగము మందు. ఏజెన్సీ నడుపు పెద్దలును ఆ గోష్ఠికి వచ్చి వినినచో, మిగిలిన సగమును దొరకును.

వదలవలసిన వేళ

అన్ని యత్నములు చేసినను మార్పు రాకున్నచో ఉద్యోగము వదలుట పాపము కాదు. అయితే కోపములో ఒక్క ఉదయమున వదలుట వేరు, ఆలోచించి వదలుట వేరు. అబద్ధమాడనిదే ఈ పని సాగదని తేలినచో వెంటనే వదలవలెను. దేహము చెడుచున్నదని వైద్యుడు చెప్పినచో ఆలస్యము చేయరాదు. పని భారము మాత్రమే కారణమైనచో, పై అధికారికి లెక్క చూపి, లైను మార్పు అడిగి, రెండు మూడు నెలలు చూచి, వేరొక పని వెదకికొని వదలుట మంచిది. వదలునాడు వసూళ్ళ లెక్క పైసాతో అప్పగించి, రశీదు తీసికొని రావలెను. అంగడివారికి ఒక్క నమస్కారము చేసి రావలెను. నేర్చిన మాటనేర్పు, ఊళ్ళ పరిచయము, సరకు జ్ఞానము ఎక్కడికిని పోవు. చిన్న అంగడి పెట్టుకొన్నను, వేరొక కొలువులో చేరినను అవి తోడు వచ్చును.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున కరణికముతో మొదలిడి భాండాగారాధికారి యయ్యెను. తుదకు ఆ పదవిని, కళ్యాణమును విడిచి కూడలసంగమమునకు చేరెను. ఆయన విడిచినది కొలువును. కాయక ధర్మమును విడువలేదు. కొలువు మారవచ్చును, కాయకము మారదు. ఈ భేదము తెలిసిన యువకుడు ఉద్యోగము పోయిననాడు తన్ను తాను పోగొట్టుకొనడు.

మననమునకు ప్రశ్నలు

1. చందయ్య అధిక ధనమును ఎందుకు నిరాకరించెను? నేటి ఇన్సెంటివు పద్ధతికిని ఆ కథకును గల సంబంధమేమి?
2. లక్కమ్మ చెప్పిన రెండు మాటలలో మీ ఇంటిలో ఎక్కువగా వినబడునది ఏది? తక్కువగా వినబడునది ఏది?
3. అలసటకును, డస్సిపోవుటకును గల భేదమును మీ కుటుంబమున ఒకరి జీవితమునుండి చూపగలరా?
4. ఈ వారము మీ ఇంటి ఉద్యోగిని జీతము, టార్గెట్టు మాట యెత్తక ఏ ప్రశ్న అడుగుదురు?

చదివినవారు నాలుగవ ప్రశ్నకు సమాధానమును నోటితో గాక, ఈ రాత్రి భోజనవేళ ఆచరణతో చెప్పుదురు గాక.

శరణు శరణార్థి.